పటంలో మనిషి కోసం

కదిరిలో మా వీధి మందుల అంగడికి ఆ రోజుల్లో సీసా మనమే తీసుకుపోవాలి. డాక్టరు రాసిన చీటీ చూసి అంగడాయన మందు కలిపి పోసి, సీసాకు నిలువునా ఒక కాగితం పట్టీ అంటించేవాడు. పట్టీ అంచుకు గాట్లుండేవి. పూటకొక గాటు మందు తాగాలి. తీరిక దొరికినప్పుడు ఆ పట్టీలను కట్టలుగా కత్తిరించి పెట్టుకునేవాడు.

మా అవ్వకు గుండెజబ్బు. ఆమె మందుకు ఇంట్లో ఉన్న లావుపాటి నూనె సీసా కడిగి తీసుకుపోయాను. పట్టీకి ఎనిమిది గాట్లున్నాయి. మందు ఐదో గాటు దాకే వచ్చింది. "ఎనిమిది పూటలకు" అని చేతికిచ్చాడు. అడగాలనుకున్నాను. నలుగురు మగవాళ్లున్న చోట నా గొంతు పెగలదు. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను: ఎనిమిది గాట్లు, ఐదింటికే మందు.

ఐదు పూటలకే సీసా ఖాళీ అయింది.

"తియ్యగుంటాదేమో. మాయమ్మ దొంగతనంగా తాగుతాంది" అని చిన్నాయన నవ్వాడు.

"నా కడుపు కోసి చూడురా" అంది అవ్వ. ఆమె నవ్వలేదు.

ఇంట్లోవాళ్లు అదే సీసాలో మళ్లీ పోయించుకొచ్చారు. మూడోసారికి అవ్వ తిన్నదంతా కక్కడం మొదలైంది. ఒక పొద్దున గోడల వంక చూసి, "వీటికి పసుపు ఎవరు పూసినారే?" అంది. కామెర్లేమోనని అమ్మ భయపడింది. పసరు పోయిద్దామన్నాడు చిన్నాయన. నా అనుమానం సీసా మీదే.

అంగట్లో ఆడవాళ్లు నిలబడే మూలన గోడకు ఒక పటం ఉండేది. అచ్చక్షరం కనపడితే చదవకుండా ఉండలేను. మందులు కలిపే అర్హత ఉందని సర్కారు ఇచ్చిన కాగితం అది. అందులో ఫొటో అంగడాయనది కాదు. పేరూ ఆయనది కాదు. ఆ పేరు గుర్తుపెట్టుకుని, మా ఇంటికి వారపత్రిక తెచ్చే పోస్టుమాన్ని అడిగాను.

"ఆయప్పా? చెనిక్కాయల మిల్లులో తూకం కాడుంటాడు పాపా" అన్నాడు. "అంగట్లో ఆయప్ప కాగితమే ఉద్యోగం చేస్తాండాది."

సంచిలో సీసా పెట్టుకుని మిల్లు గేటు దగ్గరికి పోయాను. వేరుశెనగ పొట్టు దులుపుకుంటూ వచ్చాడాయన. ఫొటోలో కన్నా చిక్కిపోయాడు. అవ్వ మందు సంగతి అడగాలని వచ్చానన్నాను.

"మందు సంగతి డాక్టర్ని అడగల్ల పాపా. నేను తూకమేసేవాణ్ణి."

హమాలీలు చూస్తున్నారు. గాట్ల లెక్క రాసిన డైరీ పేజీ చింపి తెచ్చుకున్నాను, అది ఇచ్చాను. చదివి, సీసా అడిగి తీసుకుని దాని నడుం చుట్టూ వేళ్లతో కొలిచాడు.

"పట్టీ సన్న సీసాకు కోసింది. మీది లావు సీసా. పూటకు ఒకటిన్నర పూట మందు పోతాంది ముసలామెకు."

"గోడలు పచ్చగా కనపడతాండాయంటాది" అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. "ఈ గుండె మందు ఎక్కువైతే అట్లే కనపడతాది. ఇంగ ఒక్క చుక్క గూడా పోయొద్దండి. పద, డాక్టరు కాడికి నేనూ వస్తా."

"మీరు ఈడ ఉంటే మీ పటం ఆడ ఎందుకుండాది?"

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. ఆయన దారి పొడుగునా తల వంచుకునే నడిచాడు.

డాక్టరు ఆ మందు ఆపించాడు. వారం దాటాక అవ్వ, "సున్నం ఎప్పుడు కొట్టించినారు?" అని అడిగింది. చిన్నాయన లేచి బయటికి పోబోతుంటే సీసా తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. "అవ్వ దొంగతనం చేయలేదు" అన్నాను. ఆడపిల్ల మిల్లు గేటు కాడికి పోవడమేందని నాయన కోప్పడ్డాడు. విన్నాను. ఇంక పోనని మాత్రం అనలేదు.

డాక్టరు కొత్త చీటీ రాసినప్పుడు సీసా నేనే తీసుకుపోయాను. అంగడాయన చెయ్యి చాచాడు. నేనివ్వలేదు.

"పటంలో ఉండే ఆయన కలపల్ల."

"ఏం పాపా, డాక్టరు చదువు గానీ చదివినావా? ఆయన మిల్లులో ఉంటాడు. సీసా ఇట్లియ్యి."

"పిలిపించండి. అంతదాకా ఉంటా."

బెంచీ మీద వాళ్లు నవ్వారు. పటం కిందనే నిలబడ్డాను, సీసా రెండు చేతులా పట్టుకుని. వచ్చినవాళ్లంతా నన్ను చూసి, తర్వాత నా తల మీదున్న పటాన్ని చూసేవాళ్లు. అది అంగడాయనకు గిట్టలేదు. చివరికి మిల్లుకు మనిషిని పంపాడు.

ఆయన వచ్చాడు. చేతులు కడుక్కుని, గాజు కొలతతో మందు కొలిచి కలిపాడు. కట్టలోని పట్టీ తీసుకోలేదు. తెల్లకాగితం సీసాకు ఆనించి, మందు ఎంత ఎత్తుందో అంతకు కత్తిరించి, సగానికి సగం మూడుసార్లు మడిచి, భాగానికొక గాటు వేసి అంటించాడు.

సీసా వెలుతురుకు ఎత్తిపట్టి, అందరూ వింటుండగా గాట్లు పైకి లెక్కపెట్టాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా.