ఈస్టర్ ముందటి శనివారం: సికింద్రాబాద్‌లో ఒక సమాధికి సున్నం

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు నేను లెక్కలేనన్ని సార్లు వెళ్ళాను కానీ, వెళ్ళకుండా ఉంటే బాగుండునని ఇంతగా అనుకున్నది ఈసారే. మా ఆయన సుధాకర్ రైల్వేలో సిగ్నల్ పనిలో ఉండేవారు. మెట్టుగూడ క్వార్టర్స్‌లో పదకొండేళ్ళు కాపురం చేశాం. మూడేళ్ళ కిందట ఆయన పోతే అక్కడి సమాధుల తోటలోనే ఉంచి, నేను అమ్మాయిని తీసుకుని కాజీపేట వచ్చేశాను. మా క్రైస్తవ కుటుంబాల్లో ఈస్టర్‌కు ముందురోజు శనివారం అయినవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, వానలకు చెరిగిపోయిన పేరు మళ్ళీ రాసి వస్తారు. మర్నాడు తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు కనుక, పండగకు ఇల్లు సర్దుకోవడం లాంటిదే ఇది. ఇన్నాళ్ళూ ఈ పని అల్వాల్‌లో ఉండే మా మరిది ప్రకాష్ చేసేవాడు. ఈసారి బండి మీద నుంచి పడి కాలికి కట్టు వేయించుకున్నాడు. "వదినా, ఈ ఒక్కసారి నువ్వే పోవాలె. అందరియి తెల్లగుండి అన్న సమాధి ఒక్కటే నల్లగుంటే నాకు మనసున పట్టదు" అని ఫోన్ చేశాడు. ఆ మాట అన్నాక ఎవరు మాత్రం కాదంటారు?

వెళ్ళబుద్ధి కాకపోవడానికి కారణం ఉంది. అది మరిదికి చెప్పుకునేది కాదు. సుధాకర్ జబ్బుపడినప్పుడు మా చర్చి సంఘమంతా నలభై రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. రోజుకొక ఇంటివాళ్ళ వంతు. ఆయన లేచి వచ్చి మన మధ్య సాక్ష్యం చెబుతాడని పాస్టరుగారు నాకు ధైర్యం చెప్పారు, నేను నమ్మాను. ముప్పై ఒకటో రోజు మధ్యాహ్నం ఆయన పోయారు. ఇంకా తొమ్మిది ఇళ్ళ వంతు మిగిలి ఉంది. ఆ తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఇప్పుడు ఉపవాసం ఉండాలో మానాలో తెలియక నా మొహం చూశారు. ఆ రోజు నుంచి నేను ప్రార్థన చేయలేదు. చర్చి మానేంత ధైర్యం లేదు. వెనక వరసలో కూర్చుంటాను, పాటలకు పెదవులు కదుపుతాను, "అక్కా, ఒక చిన్న ప్రార్థన చేయండి" అని ఎవరైనా అడిగితే గొంతు బాగాలేదంటాను. మూడేళ్ళుగా బాగుపడని గొంతు నాది. ఈ శనివారం ఆయన సమాధి దగ్గర కూడా నోరు పెగలకపోతే ఇక ఆ వెనక వరస నాటకం సైతం ఆపేద్దామని నిశ్చయించుకునే రైలెక్కాను.

కాజీపేటలో ఆరుంబావుకు బండి. జనరల్ టికెట్టు వంద రూపాయల లోపే, కానీ శనివారం పొద్దున సీటు మాత్రం ఆశించకండి. జనగామ దాకా తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడ ఒకావిడ తన మొగుణ్ణి మోచేత్తో పొడిచి, "జెర జరుగరాదు, అక్క కూసుంటది" అని చోటిప్పించింది. మౌలాలి దాటాక రైలు నెమ్మదిస్తుంది. పాత క్వార్టర్స్ వైపు తల తిప్పకూడదని అనుకున్నాను, తిప్పాను. ఎవరివో స్కూలు యూనిఫారాలు దండెం మీద ఆరుతున్నాయి. ఏడుపు వస్తుందనుకుంటే, ఈ ఎండకు గంటలో ఆరిపోతాయిలే అన్న ఆలోచన వచ్చింది. ఎనిమిదిన్నర దాటాక సికింద్రాబాద్‌లో దిగి, చిలకలగూడ వైపు బయటికి వచ్చి రెండు ఇడ్లీలు తిన్నాను. ఈస్టర్ ముందు నలభై రోజులు పాటించే శ్రమల దినాలు ఇంకా ముగియలేదు కనుక మాకు ఆ రోజు మాంసం లేదు. అయినా ఆ వీధిలో పొద్దున తొమ్మిదికే బిర్యానీ వాసన మొదలవుతుంది, అదో శోధన.

ఆటో అతను సమాధుల తోట అనగానే నూటయాభై అన్నాడు. "పదకొండేళ్ళు ఇక్కడే కాపురం ఉన్నానయ్యా" అంటే, "గట్లయితే మీకు రేటు ఎరుకే ఉంటది, మీరే చెప్పుండ్రి మేడం" అని నవ్వాడు. ఎనభైకి కుదిరింది. దారిలో పెయింట్ల కొట్టు దగ్గర తనే ఆపాడు. రాయి సున్నం అయితే రాత్రే నానబెట్టుకోవాలి. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. "ఇప్పుడు నానబెడితే రేపటికి గాని పనికి రాదు. పాకెట్ సున్నం తీస్కో అక్కా, నీళ్ళల కలిపితే అయిపాయె" అన్నాడు కొట్టతను. ఒక పాకెట్టు, కొంచెం జిగురు, కాస్త నీలం, ఒక కుంచె, ప్లాస్టిక్ బకెట్టు తీసుకున్నాను. నల్లరంగు సీసా కొట్టతనే గుర్తుచేశాడు.

తోటలో అప్పటికే పండగ వాతావరణం. నీళ్ళ పంపు దగ్గర బిందెల వరస, ఎవరో ఫోన్లో పాటలు పెట్టారు, బంతిపూల దండలు గోడ మీద వేలాడుతున్నాయి. ఖననం రోజు జనంలో ఎవరో నడిపిస్తే నడిచానే తప్ప దారి చూసింది లేదు. ప్రకాష్ చెప్పిన గుర్తులే ఆధారం. వేపచెట్టు దగ్గర ఎడమకు తిరిగి, మూడో వరసలో చివర నుంచి రెండోది. సరిగ్గా అక్కడే పేరు పూర్తిగా చెరిగిపోయి, నాచు పట్టిన సిమెంటు సమాధి ఉంది. ఇంత నల్లబడేదాకా రాలేదే అని నన్ను నేనే తిట్టుకుని పనిలోకి దిగాను. నాలుగు బకెట్ల నీళ్ళతో రుద్ది కడిగి, సున్నం కలిపి, ఒక పూత వేశాను, ఆరాక రెండో పూత వేశాను. చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకోదు కదా. అమ్మాయి లెక్కల్లో తప్పడం, ఇంటి ఓనరు మోటారు వేయకపోవడం, తనకేదో పెద్ద పని ఉన్నట్టు నన్ను వదిలి వెళ్ళిపోవడం, అన్నీ వరసపెట్టి సుధాకర్‌ను నిలదీశాను. దేవుడితో మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు.

పదకొండున్నర వేళ ఒక ముసలాయన చేతికర్ర ఒక చేత, ప్లాస్టిక్ స్టూలు ఒక చేత పట్టుకుని మెల్లగా వచ్చి నా వెనక నిలబడ్డారు. తెల్ల చొక్కా జేబులో సన్నని కుంచెలు రెండు కనిపిస్తున్నాయి.

"వందనాలమ్మా. మా ఇంటామె మార్త సమాధిని గింత మంచిగ ఎవలు జేస్తున్నరా అని చూస్తున్న" అన్నారు.

"వందనాలండి. మార్తమ్మగారిది ఎక్కడో ఉండి ఉంటుంది అంకుల్. ఇది మా ఆయనది."

ఆయన వాదించలేదు. స్టూలు వేసుకుని కూర్చుని, కర్రతో సమాధి కాళ్ళ వైపు చూపించారు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు వేలితో గీసిన చిన్న సిలువ, దాని పక్కన పువ్వు. రెండు పూతల సున్నం కిందా గాడి స్పష్టంగా ఉంది. "నేనే గీసిన బిడ్డా. మార్తకు పువ్వులంటే పానం."

ప్రకాష్‌కు ఫోన్ చేశాను. "గేటు కాడి చిన్న చెట్టు కాదు వదినా! ఇంక లోపటికి పోతే పెద్ద యాపచెట్టు ఉంటది. గాడ మూడో వరస!" అని తల పట్టుకున్నట్టే మాట్లాడాడు. ఎండలో నా చెవులు ఎర్రబడ్డాయి. మా ఇంటి రహస్యాలన్నీ రెండు గంటలసేపు మార్తమ్మకు విన్నవించుకున్నానన్నమాట. బకెట్లో చూస్తే అడుగున బెత్తెడు సున్నం మిగిలింది.

ముసలాయన పేరు ఇస్సాకు. దుకాణాలకు బోర్డులు రాసేవారట, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. నవ్వుతారనుకున్నాను కానీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మోకాళ్ళు వంగుతలేవు. పొద్దుగాల లేచి ప్రార్థన జేసిన. ప్రభువా, పేరైతే నేను రాస్త, సున్నం ఏసేటందుకు ఎవరినన్న తోలియ్యమని అడిగిన. నువ్వు అచ్చినవ్."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పెద్దాయన అని కూడా చూడకుండా అనేశాను. "మా ఆయన ప్రాణం కోసం సంఘమంతా ముప్పై ఒక్క రోజు కడుపు మాడ్చుకుని అడిగాం అంకుల్. ఇవ్వలేదు. మీ సున్నం కోసం అడిగితే మాత్రం నన్ను కాజీపేట నుంచి పంపించాడా? ఇదేం న్యాయం? నేను దారి తప్పి వచ్చాను, అంతే."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పక్క వరసలో ఎవరో బిందె కిందపడేసి తిట్టుకుంటున్నారు. "న్యాయమని నేనెట్లంట బిడ్డా? నేను సుత మార్త కోసం అడిగిన. తొమ్మిదేండ్లు మంచంల ఉన్నది, తొమ్మిదేండ్లు అడిగిన. ఇయ్యలే. ఎందుకియ్యలేదో నాకు ఇప్పటికి సమజ్ కాలే, సమజ్ అయిందని చెప్పెటోళ్ళ మాట నేను ఇనను. గని సున్నం అడిగితే ఇచ్చిండు. పెద్దది ఇయ్యలేదని చిన్నది సుత వద్దంటనా?"

ఆయన కుంచె తీసి మార్తమ్మ పేరు రాసుకుంటుంటే సీసా పట్టుకుని నిలబడ్డాను. ముసలి చేయి ఎక్కడా వణకలేదు. తర్వాత భుజం సంచిలోంచి డబ్బా తీసి తను తెచ్చుకున్న జొన్నరొట్టె, టమాటా పప్పు సగం నాకు పెట్టారు. వద్దంటే ఒప్పుకోలేదు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది, అయినా అంత ఆకలిగా ఈ మధ్య ఎప్పుడూ తినలేదు.

భోజనం అయ్యాక, నేను వద్దంటున్నా వినకుండా, నాతో పాటు పెద్ద వేపచెట్టు దాకా వచ్చారు. వంద అడుగులు ఉండదు, పావుగంట పట్టింది. నిరుడు ప్రకాష్ బాగా చేసినట్టున్నాడు, సుధాకర్ సమాధి నేను భయపడినంత నల్లగా లేదు. ఉన్న సున్నంలో నీళ్ళు పోసి సాగదీస్తే పైభాగానికి సరిపోయింది. పక్కలు అలాగే ఉండిపోయాయి. ఇస్సాకు అంకుల్ స్టూలు మీద కూర్చుని, దుకాణం బోర్డంత అందంగా మా ఆయన పేరు రాసిపెట్టారు. ఏమివ్వాలంటే, "పైసలొద్దు. నా మోకాళ్ళ కోసం ఒక చిన్న ప్రార్థన జెయ్యి, చాలు" అన్నారు.

గొంతు బాగాలేదని నోటిదాకా వచ్చింది. నా తప్పుకు కోప్పడకపోగా నా ఆకలి తీర్చి, నా పని చేసిపెట్టిన మనిషికి ఆ అబద్ధం చెప్పలేకపోయాను. కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా" అన్నాక ఏమనాలో తెలియలేదు. తలమీద కొంగు జారిపోతే సర్దుకున్నాను. "ఈయన మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. బాగుచెయ్యి. వచ్చే ఏడు వాళ్ళావిడకు తనే సున్నం వేసుకోవాలి, నాకు కాజీపేట నుంచి రావడం కష్టం." అక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. కానీ నోరు తెరిచాక మూడేళ్ళది ఆగలేదు. "మేం అంతమందిమి అడుగుతున్నప్పుడు ఎక్కడికి పోయావు? తొమ్మిది రోజులు కూడా ఆగలేకపోయావా? నీ మీద నాకు చాలా కోపంగా ఉంది." అంతటితో గట్టిగా ఏడ్చేశాను. నేను ముగించలేనని తెలిసినట్టుంది, ఇస్సాకు అంకుల్ ఆ కోపానికి కూడా కలిపి తోట సగం వినేలా "ఆమెన్" అన్నారు.

నాలుగు గంటల బండికి తిరుగు ప్రయాణం. స్టేషన్ బయట ఇరానీ చాయ్ తాగి, అమ్మాయికి ఉస్మానియా బిస్కెట్లు కొన్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. సుధాకర్‌ను ఎందుకు తీసుకున్నాడో ఆ రోజు నాకేమీ తెలియరాలేదు, తెలిసిందని ఎవరికీ చెప్పను కూడా. దేవుడితో మాట్లాడాలంటే ముందు ఆయన్ని క్షమించి, మనసు శుభ్రం చేసుకుని వెళ్ళాలని మూడేళ్ళు పొరబడ్డాను. కోపంతోనే వెళ్ళొచ్చునని, నమ్మకం మిగిలినవాళ్ళకే అంత కోపం వస్తుందని ఒక బోర్డులు రాసే మనిషి పక్కన నిలబడ్డాక తెలిసింది. భువనగిరి దాటుతుండగా అమ్మాయి లెక్కల పరీక్ష గుర్తొచ్చి, ఎవరూ అడగకుండానే, ఇంకో చిన్న ప్రార్థన చేసుకున్నాను.

మీరూ ఈస్టర్ ముందు శనివారం ఈ పని మీద సికింద్రాబాద్ వెళ్ళేట్టయితే తొమ్మిదిన్నర లోపు తోటలో ఉండండి, తర్వాత పంపు దగ్గర వరస పెరుగుతుంది. సున్నం మాత్రం రెండు సమాధులకు సరిపడా తీసుకెళ్ళండి.