దర్జీగారింటి లాప్‌టాప్

ఉద్యోగం ఇంటర్వ్యూలో దర్జీగారమ్మాయి నోరు తెరవగానే లాప్‌టాప్ బిగుసుకుపోయింది. అవతలివాళ్ళు ఆ తెరిచిన నోటిని కాసేపు చూసి, మర్నాడు సాయంత్రం మళ్ళీ మాట్లాడదామని కబురు పెట్టారు.

దర్జీగారికి ఇంట్లో ఏ వస్తువునూ తొడుగు లేకుండా చూడబుద్ధి కాదు. రిమోటుకీ మిక్సీకీ కుట్టాక, లాప్‌టాప్‌కి దూది పెట్టి మరీ కుట్టారు. తెర, మీటలు మాత్రమే బయటికి కనబడతాయి.

పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తీసుకెళితే అది లక్షణంగా పనిచేసింది. ఇంటికి రాగానే మొరాయించింది. మళ్ళీ షాపులో బుద్ధిగా ఉంది.

"మీ ఇంట్లోనే ఏదో ఉంది బాబాయ్," అని మెకానిక్ తల గోక్కున్నాడు. దర్జీగారు ప్లగ్గు మార్చారు, బల్ల జరిపారు, కూతుర్ని అటు తిప్పి కూర్చోబెట్టారు. ఏమీ అంతుబట్టలేదు.

ఇంటర్వ్యూకి కాస్త ముందు మెకానిక్కే ఇంటికొచ్చాడు.

"ఈ పరుపేంటి బాబాయ్? షాపుకి తెచ్చినప్పుడు లేదే!"

"అక్కడ మాసిపోదూ? విప్పి తెచ్చాను."

మెకానిక్ తొడుగు విప్పి అడుగున చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "పెనంలా కాలుతోంది! గాలి ఆడే కంతలన్నీ మూసేశారు."

"నాన్నా! దానికి ఊపిరాడకుండా చేసి నా ఉద్యోగం ఊడగొట్టబోయావు కదా!" అంది కూతురు.

"గాలి కావాలని ముందే చెబితే నాలుగు కాజాలు కుట్టేవాణ్ణి కదమ్మా!"