వినే అద్దాల బందు

గద్వాలలో దేవరాజు గడియారాల దుకాణం అంటే ఒక బల్ల, ఒక భూతద్దం, ఒక మొండి మనిషి. సెల్‌ఫోన్లు వచ్చినంక గడియారం బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. కళ్లద్దాలకు మరలు బిగించుకుంటూ నెట్టుకొస్తున్నాడు. "చెయ్యొస్తె చేస్త, రాకుంటె రాదని మొకమ్మీదనే చెప్త" అనేవాడు. ఆ మాట మీద నిలబడలేకపోయింది ఒక్క రాజోలి వెంకటన్న అద్దాల దగ్గరే.

వెంకటన్నవి వినే అద్దాలు. చిన్నప్పటి నుంచి చెవుల్లో చీము కారీ కారీ, చెవిలో పెట్టుకునే మిషను ఆయనకు పడలేదు. కర్నూలులో ఒక డాక్టరు తన దగ్గర పడి ఉన్న పాత అద్దాలు ఇచ్చాడు. కుడి కాడలో మాటను పట్టే మిషను, ఎడమ కాడలో చెవి వెనక ఎముకను అదిరించే బిళ్ల. రెండింటినీ కలుపుతూ ఫ్రేము మీదుగా వెంట్రుకంత వైరు. కాడ మడిచే బందు దగ్గర ఆ వైరూ మడత పడుతుంది. నలిగి నలిగి తెగుతుంది.

మడవకుంటే తెగదు. కానీ తిండికి కూర్చున్నా, చేన్లోకి దిగినా, పెద్దమనిషి ఎదురొచ్చినా అద్దాలు తీసి మడిచి తలరుమాల్లో దోపుకోవడం వెంకటన్నకు పుట్టుకతో వచ్చినంత అలవాటు. అతికించి అతికించి దేవరాజుకు తిక్క లేచింది. రెండు బందులనూ కదలకుండా అంటుబెట్టేశాడు.

"ఇగ ఎట్ల మడుస్తవో మడువు, పెద్దనాయినా!" అని నవ్వాడు. పెద్ద తెలివి చేశాననుకున్నాడు.

వెంకటన్న ఇంటికి పోయి, అన్నం ముందు కూర్చొని, చెయ్యి చెప్పినట్టే మడిచాడు. కాడ పటుక్కున విరిగింది.

విరిగిన అద్దాలు కొంగులో కట్టుకొని ఆయన కూతురు ఉమ వచ్చింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అన్నా, మా అమ్మకు పక్షవాతం. గొంతు ఉన్నదంటె ఉన్నది, లేదంటె లేదు. అద్దాలు ఇరిగినంక, మొన్న నీళ్లకు పిలిచింది. నాయిన వాకిట్ల పల్లికాయ ఒలుస్తుండు, వినలె. తనే లేవబోయి మంచం మీదికెల్లి కింద పడ్డది."

"నేను మడవొద్దనే చెప్పిన..."

"అరవై ఏండ్ల చెయ్యి నీ మాట వింటదా? అమాస పోంగనె అమ్మను తిమ్మాజిపేటకు, మా ఇంటికి తోల్కపోత. నాయిన చేను ఇడిసి రాడు. ఇద్దర్ని ఇడదీసుడు నాకు మాత్రం సంబురమా?"

రాదని మొకమ్మీద చెప్పే మనిషి ఆ రోజు విరిగిన అద్దాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

గడియారాలకు నూనె వేసేది దవాఖాన సూదితోనే. మర్నాడు అట్లా వేస్తుంటే చెయ్యి ఆగింది. సూదిని ఎంత తిప్పినా నూనె నడుమనుంచే వస్తున్నది. బందు కూడా అంతే. ఎటు తిరిగినా నడిమి చీల ఉన్నచోటే ఉంటుంది. వైరు చీల పక్కనుంచి పోతోంది కాబట్టి నలుగుతోంది. చీలే బోలుగా ఉండి, దాని కడుపులోనుంచి పోతే? మడత పడదు. జర మెలి తిరుగుతుంది, అంతే.

అంటించిన బందులు విడదీసి, లావు సూదిని కోసి రెండింటికీ చీలలు చేసి, వైరును వాటిలోంచి పోనిచ్చాడు. విరిగిన కాడకు ఇత్తడి పట్టీ వేశాడు. మడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

"ఏందిరా, అద్దాలతోని దండాలు పెట్టిస్తున్నవా?" అన్నాడు పక్క టీ హోటలు శంకరయ్య.

పొద్దు వాలేసరికి వైరు తెగింది. కోసిన అంచు కత్తిలాగా గీరింది. అంచులు రాయి మీద నున్నగా అరగదీసి, చీలల మూతులకు సైకిలు వాల్వు ట్యూబు తొడిగి, వైరును బిగలాగకుండా కొంచెం వదులు పెట్టాడు. శంకరయ్య ఎన్ని ఎగతాళులు చేసినా మడవడం మానలేదు. ఈసారి తెగలేదు.

అమాస ముందు దినం తనే బస్సెక్కి రాజోలి పోయాడు. ఉమ సంచి సర్దే ఉంది.

"మడువు, పెద్దనాయినా. రుమాల్ల దోపు. తీసి మల్ల పెట్టుకో."

వెంకటన్న భయపడుతూ మడిచాడు, దోపాడు, తీసి పెట్టుకున్నాడు. పోయి వాకిట్లో పల్లికాయల ముందు అటు తిరిగి కూర్చున్నాడు.

"పిలువే అమ్మా," అంది ఉమ.

మంచం మీద లచ్చమ్మ పెదవులు కదిలాయి. పక్కనే నిలబడ్డ దేవరాజుకే సరిగా వినపడలేదు.

"ఓ ఉమ నాయినా... గా రుమాలు జర దులుపు. సగం చేను నీ నెత్తి మీదనే ఉన్నది."

వాకిట్లో ఒలిచే చెయ్యి ఆగింది.

"కాలు పడ్డది, చెయ్యి పడ్డది, నోరు మాత్రం పడలె దీనికి," అన్నాడు వెంకటన్న. వెనక్కి తిరగలేదు. రుమాలు విప్పి దులిపాడు.

ఉమ సంచిలోనుంచి తల్లి చీరలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది.

మళ్లీ పల్లికాయ చేతికొచ్చే కాలానికి వెంకటన్న దుకాణానికి వచ్చాడు. అద్దాలు బల్ల మీద పెట్టాడు. దేవరాజు భూతద్దం పెట్టి చూశాడు. ట్యూబు నల్లబడింది. వైరు మీద గీత లేదు.

"ఏం చెడలె గద?"

"చెడలె నాయినా. లచ్చమ్మ పోయి నెల దాటె. ఆఖరుకు నీళ్లడిగింది. వాకిట్ల ఉన్న. విన్న. పోయి తాగిపిచ్చిన." "ఇగ ఆ వైరు తీసెయ్యి. చూసేతందుకు అద్దాలుంటె చాలు."

"తియ్య," అన్నాడు దేవరాజు, మొకమ్మీదనే. "ఉమ వస్తది. నాయినా అని పిలుస్తది. వినవా?"

బందులో ఒక్క చుక్క నూనె వేసి చేతికిచ్చాడు. వెంకటన్న అద్దాలు అందుకున్నాడు. మడిచి రుమాల్లో దోపుకోబోయి, ఆగి, విప్పి కళ్లకు పెట్టుకొని బజారులోకి నడిచాడు.