ఉత్తరం వైపు ఒక ఇడ్లీ

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల సందులో తిరుపతమ్మది ఇరవయ్యేళ్ల ఇడ్లీ బండి. చలి ముదిరితే పిండి పులవక ఇడ్లీలు రాళ్లవుతాయి. రోజూ తినడానికొచ్చే ఉదయలక్ష్మిది వాతావరణ అంచనాలు కట్టే ఉద్యోగం.

“ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద మంచు ఈసారి బాగా తగ్గింది పిన్నీ. అది కూడా లెక్కలోకి తీసుకుంటే శుక్రవారం నుంచి ఇక్కడ చలి ముదిరేలా ఉంది. పిండి పెందరాళే రుబ్బుకోండి.”

“గంత దూరం మంచుకు నా పిండితోని ఏం పని బిడ్డా?” అని నవ్వినా, తిరుపతమ్మ గురువారం మధ్యాహ్నమే రుబ్బి, గిన్నెకు రగ్గు చుట్టింది.

శుక్రవారం ఊరంతా వణికింది. ఇడ్లీలు మాత్రం దూదిలా పొంగాయి. రోజూ సూర్యుడికి మొదటి ఇడ్లీ పెట్టే తిరుపతమ్మ, ఆవేళ ఉత్తరానికి తిరిగి ఇంకొకటి పెట్టి దండం పెట్టుకుంది.

“చెప్పింది నేను కదా పిన్నీ?”

“నీకు జెప్పింది గా మంచే గద బిడ్డా.”