మూడు పాయింట్ రెండు, సున్నా పాయింట్ ఎనిమిది

మా కంప్యూటరు రెండు వేగాలు చూపిస్తోందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా అత్తమ్మ. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి, "లోపల గా కంప్యూటరు రెండు మాటలు చెప్తున్నదట బిడ్డా. ఒకపారి మూడంటది, ఒకపారి ఒకటి గూడ లేదంటది. ఆ సారు మొకం మంచిగ లేదు" అంది.

ఆ సారు మా వదిన ఉద్యోగం కోసం కంప్యూటరు చూడడానికి వచ్చినవాడు. వదిన నా భర్తకు అక్క. సాగర్ రోడ్డు మీద ఆటో బోల్తాపడి నడుము దెబ్బతిన్నాక, బస్సెక్కి పట్నం పోయి చేసే ఉద్యోగం మానుకుంది. పట్నమే మా ఇబ్రహీంపట్నం దాకా వచ్చేస్తున్న రోజులవి. చేలల్లో ప్లాట్ల జెండాలు లేస్తున్నాయి. కొత్తగా తెరిచిన ఒక కంపెనీ, ఇంట్లో కూర్చుని టైపు చేసే పని ఇస్తామంది. ప్రాసెసరు వేగం మూడు గిగాహెర్ట్జ్‌లకు తగ్గకూడదు, మనిషి వచ్చి చూసుకుంటాడు, అదే షరతు. వదిన మంచం పక్కన ఉన్నది మూడు పాయింట్ రెండుది. "ఈ పని దొరికితే నేను మళ్ల మనిషినైత పిల్లా" అని నాతో అంది.

ఆ సారు వచ్చే రోజు పొద్దున కంప్యూటరు పెట్టగానే అత్తమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. యాచారంలో సేద్యం చేసిన ఇంట పుట్టిన మనిషి. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పింది. వదిన పాటలు పెట్టుకుంటే ఆపించింది. టైపింగు తెరవబోతే చెయ్యి పట్టుకుంది.

"అంగడికి కొట్టుకపోయే ఎద్దును పొద్దుగాల్నే అరకకు కడ్తరా? జర దమ్ము తీసుకోనియ్యి."

"ఇంక నయం, కుడితి పెట్టలేదు" అని వదిన నవ్వింది. ఆ నవ్వు చూసి నేను లోలోపలే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

చేతులు తుడుచుకుని నేను లోపలికి వెళ్లేసరికి, వచ్చినాయన వేగం చూపే ప్రోగ్రాములు రెండు పక్కపక్కన తెరిచి ఉంచాడు. ఒకదానిలో మూడు పాయింట్ రెండు. రెండోదానిలో సున్నా పాయింట్ ఎనిమిది.

"వెనకాల ఇంకేమైనా నడుస్తున్నాయాండి?"

"ఏం లేవు సార్. పొద్దుగాల నుంచి అన్నీ బంద్ పెట్టినం" అంది వదిన, నమ్మకంగా.

"అయితే ఇది తక్కువ వేగందాన్నే పేరు మార్చి అంటగట్టిన పార్టు అయ్యుంటుందండి. నేను తక్కువదే రాసుకోవాలి."

"ముట్టకుండ ఇంత నిమ్మళంగ ఉంచితే గూడ తక్కువంటవేంది నాయినా?" అంది అత్తమ్మ. ఆయన విసుక్కోలేదు. మీర్‌పేట్‌లో ఇంకొకరి ఇల్లు చూడాలంటూ మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తర్వాత, బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి చూశాడు. వదినతో ఒక పెద్ద వీడియో పెట్టించాడు. సున్నా పాయింట్ ఎనిమిది దగ్గరున్న అంకె మూడు పాయింట్ రెండుకు లేచింది. "రెండు నిజమే అక్కా. ఒకటి దాని సత్తువ చెప్తది, ఇంకోటి ఇప్పుడు ఎంతల నడుస్తుందో చెప్తది. పని లేకుంటే అది తగ్గే ఉంటది. ఆ టైముకు ఏదన్న నడిపించి ఉంటే సరిపోతుండె." వదిన వెంటనే కంపెనీకి ఫోన్ చేసింది. ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు.

అత్తమ్మ అప్పుడు కూరగాయలకు పోయి ఉంది. వదిన ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"అమ్మకు చెప్పకు. పాతదై పాడైందను."

"అట్లనే వదినా."

వదినకు ఇంకో పని రాలేదు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. నన్ను కన్న బాపు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. కీబోర్డు మీద తెలుగు మాత్రం వదిన నేర్పింది, పడుకునే, నా వేళ్లు తప్పినప్పుడల్లా పేరు పెట్టి వెక్కిరిస్తూ. రానురాను ఆమె లేచి కూర్చోవడం తగ్గింది. ఆ చలికాలం న్యుమోనియా వచ్చి దవాఖానలోనే కన్నుమూసింది.

కూతురు పోయాక కూడా అత్తమ్మ కంప్యూటరు మీద దుమ్ము తుడుస్తూ అడిగేది: "గింత మంచిగ చూసుకున్నం గద, దీనికేం తక్కువైంది బిడ్డా?" పాతదైపోయింది అత్తమ్మా అనేదాన్ని. పోయిన ఏడాది ఆమె కూడా ప్రభువు దగ్గరికి చేరింది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

అదే కంప్యూటరు మీద రాస్తున్నాను. ఇది చదివినవారు ఏ దేవునికి మొక్కేవారైనా సరే, తన పని పోయిన రోజున కూడా తల్లి మనసే చూసుకున్న మా వదినను ఒక్కసారి తలుచుకోండి.