మూడు కాగితాల మాస్టారు

మాస్టారికి ఉన్నది ఒకటే పిచ్చి, చుట్టడం. కళ్ళజోడు, కలం, అరటిపండు, ఏదైనా సరే మూడు కాగితాల్లో చుట్టనిదే ఆయన చెయ్యి ఊరుకోదు.

"అరటిపండుకి తొక్క ఉందిగా మాస్టారూ?" అంటే, "అది దాని జాగ్రత్త. ఇది నాది" అనేవారు.

ఆయన పనిచేసేది క్షయకు డీఎన్ఏ టీకా తయారుచేసే ప్రయోగశాలలో. అక్కడ అసలు పనీ చుట్టడమే. డీఎన్ఏని ఉత్తగా ఎక్కిస్తే ఒంట్లో దారిలోనే ముక్కలైపోతుంది. కంటికి ఆనని నానో రేణువుల్లో పొదిగి పంపాలి. ఆ పొదగడం ఆయన శిష్యురాలి పని.

పొదిగి పెట్టిన ప్రతిసారీ ఆమె సీసాలో మందు కాస్త తగ్గేది. ఓ సోమవారం టీ వేళ అందరి ముందూ అడిగేసింది.

"మాస్టారూ, నా మందు కూడా మీ పొట్లాల్లోకే పోతోందా ఏంటి?"

గదంతా ఘొల్లుమంది. మాస్టారూ నవ్వేసి, బిస్కెట్టు చుట్టుకుని జేబులో వేసుకున్నారు.

గురువారం, టీకా పరీక్షిస్తున్న ఎలుకలకు రెండో మోతాదు వేయాలి. ఆ రోజు తప్పితే నాలుగు నెలల శ్రమ మట్టిపాలే. ఆమె సీసా తీసింది. లోపల మందు రాయిలా ఉంది. కరగనిచ్చి చూస్తే అడుగున ముద్దలు. వట్టి డీఎన్ఏని ఎప్పుడూ డీప్‌ఫ్రీజర్‌లో పెట్టే చెయ్యి, పొదిగినదాన్నీ అలవాటుగా అక్కడే పెట్టేసింది. పొదిగింది గడ్డకడితే పనికిరాదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదే ఆమె!

తల ఎత్తకుండా వెళ్ళి మాస్టారికి సీసా చూపించింది. ఆయన సీసానే చూశారు గానీ ఆమె మొహం చూడలేదు. మామూలు ఫ్రిజ్ కింది అరలోంచి ఒక పొట్లం తెచ్చారు.

"విప్పు అమ్మాయ్."

మొదటి కాగితం మీద తేదీ. రెండోదాని మీద ఆమె పేరు. మూడోదాని మీద ఆయన రాత: "నేను రెండుసార్లు గడ్డకట్టించాను." లోపల చిన్న గొట్టంలో మందు. ఎలుకలకు కావలసింది చుక్కలేగా, సరిపోతుంది.

"అయితే... తీసింది మీరేనా? మొన్న చెప్పలేదేం?"

"దేనికి తీశానో చెబితే, నీ చేతి మీద నాకు నమ్మకం లేదనుకోరూ అందరూ?"

సోమవారం తను ఆడిన మాట గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

ఆ మందుతోనే ఎలుకలకు టీకా పడింది. మళ్ళీ సోమవారం టీ వేళ ఆమె లేచి నిలబడింది.

"మందు పాడుచేసింది నేను. కాపాడింది మాస్టారి పొట్లం" అని, ఆయన చేతిలో ఓ పొట్లం పెట్టింది. లోపల క్షమాపణ ఉత్తరం. ఆయన ఒకటి విప్పారు, రెండు, మూడు... ఇంకోటి!

"మూడు చాలమ్మా!"

"నాలుగోది నా సిగ్గుకి, మాస్టారూ."

ఆయన ఆ నాలుగో కాగితం మడతలు జాగ్రత్తగా సాపుచేసి, జేబులోంచి అరటిపండు తీసి చుట్టుకున్నారు.