ఊయల మీద కట్టిన హంస

మా అత్తమ్మ ఒక మాట అన్నదంటే అది అయిపోవాల్సిందే. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు కొత్తవాడ మొత్తంలో నాకు తెలిసి ఎవరూ లేరు. నేనూ తక్కువదాన్నేం కాదు. మట్టెవాడలో పుట్టినదాన్ని, నోరున్నదాన్ని. అయినా ఆ హంస విషయంలో నా మాట సగమే చెల్లింది. ఆ సగం చెల్లించుకోవడానికే నా తలప్రాణం తోకకొచ్చింది.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నూలు దొరక్క వాడంతా మగ్గాలు ఆగిపోయాయి. మా ఇంట్లో జంపఖానాలు నేసే పెద్ద మగ్గం మా మామయ్యది. ఆయన పోయాక దాన్ని విప్పి గోడకు ఆనించారు. అందులో నేసిన జంపఖానా చుట్టుకునే మొద్దు ఒకటుండేది. మంచి చేవదేరిన తుమ్మకట్టె. మామయ్య చేతులు తగిలీ తగిలీ అద్దంలా నున్నబడింది. నాకు నెలలు నిండుతున్నప్పుడు మా అత్తమ్మ కన్ను దాని మీద పడింది.

మా వాళ్ళలో బిడ్డను తొట్టెల్లో వేసే రోజు ఊయల పైన చిలకలు కడతారు. బజార్లో దొరికే రంగురంగుల కట్టె చిలకలు, ఉఫ్ అంటే ఊగేంత తేలికవి. నా మొదటి కొడుక్కీ అవే కట్టాం. వాడు వానకాలం జ్వరమొచ్చి, బోర్లా పడటం కూడా రాకముందే పోయాడు. ఈసారి బజారు చిలకలు వద్దన్నది అత్తమ్మ. మొద్దు కోయించి దానితో హంసను చేయించి కడతానన్నది.

"బిడ్డ మీద తాత చెయ్యి ఉండాలె" అన్నది. అంతే, ఇంకో మాట లేదు.

మొదటివాడి పేరెత్తితే నాకు నోరు పెగలదని ఆమెకు తెలుసు. నా మొగుడు వాళ్ళమ్మ ఎదుట ఎట్లాగూ నోరు విప్పడు. వీధి చివర వడ్రంగం చేసే వడ్లాయన వచ్చి, మొద్దులో లావుపాటి ముక్క కోసుకుపోయి, రెక్కలు ముడుచుకుని, మెడ వెనక్కి వాల్చి పడుకున్న హంసను చెక్కి తెచ్చాడు. అందంగా లేదని అంటే నా కళ్ళు పోతాయి. కానీ దాన్ని అరుగు మీద దించుతుంటే ఆయన మెడ నరాలు ఉబ్బాయి. అప్పటికి నా కూతురు పుట్టి పురిటి స్నానాలు కూడా కాలేదు. మెత్తటి తల, నడినెత్తిన మాడు కొట్టుకుంటూ కనబడేది. దాని మీద ఈ బండను వేలాడదీస్తారట!

నేను అన్నం మానేశాను. బాలింత అన్నం మానేస్తే ఇంట్లో ఎవరికైనా భయమే. చివరికి హంసను కట్టేది కట్టేదే గానీ, కడుపులో కట్టెంతా తొలిచి బరువు తగ్గించి కట్టాలని తీర్మానమైంది. తాత కట్టెను తొలవడమేమిటని అత్తమ్మ రెండు పూటలు మూతి ముడుచుకుంది. ముడుచుకుంటే ముడుచుకోనీ అనుకున్నాను.

వడ్లాయన మా అరుగు మీదే హంసను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళతో అదిమిపట్టి, ఉలితో పొట్ట తొలవడం మొదలుపెట్టాడు. తుమ్మ చేవ మొండిది, పెళ్ళలు పెళ్ళలుగా రాదు, గోరంత గోరంత ఊడొస్తుంది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా లోపల మంచం మీద నేను ఉలిక్కిపడేదాన్ని. చీలుతుందేమో, చీలిక పైకి కనబడకుండా లోపలే ఉండిపోతుందేమో, అది ఏ మధ్యాహ్నమో విచ్చుకుంటుందేమో! పొద్దుగూకే వేళ ఆయన పని ఆపగానే బిడ్డను పక్కింటామె చేతికిచ్చి వెళ్ళి హంసను ఎత్తి చూసేదాన్ని. బాలింతరాలివి, బరువులెత్తుతావా అని పక్కింటామె తిట్టేది. ఇంకా తొలవమనేదాన్ని. మళ్ళీ ఎత్తేదాన్ని, మళ్ళీ ఇంకా అనేదాన్ని. ఆఖరుకు వడ్లాయన ఉలి కింద పెట్టేశాడు. "ఇగ తొలిస్తే అప్పడమైతది బిడ్డా" అన్నాడు.

వీపులో ఇనుప కడియం దిగేసి లోపలివైపు బిళ్ళ వేసి మడిచాడు. అదీ నమ్మలేదు నేను. హంసను ఇంటి దూలానికి వేలాడదీయించి, దాని మెడకు రోకలి కట్టించి, రాత్రంతా అట్లాగే ఉంచమన్నాను. పొద్దున్నే దీపం పట్టుకుని కడియం చుట్టూ, రెక్కల సందుల్లో, పొట్ట లోపల వెతికాను. వెంట్రుకంత చీలిక కూడా లేదు. ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

తొట్టెల్లో వేసే రోజున కట్టబోతే తాడు పొట్టిదయింది. కొత్త తాడు కొందామంటే అదీ కరువే. నా మొగుడు ఇంకో తాడుముక్క తెచ్చి, మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ కలిపి వేసే ముడే వేశాడు. పక్కన నేనూ ఉన్నాను, అత్తమ్మా ఉన్నది. ముగ్గురం చిన్నప్పటి నుంచీ ఆ ముడి వేస్తూ పెరిగినవాళ్ళమే. "పోగు ముడి ఏనాడన్న ఊడిందా? ఊకె ఫికర్ జేయకు" అన్నాడు. నిజమే, ఏనాడూ ఊడలేదు. నా భయమంతా కట్టె మీదే. ముడి వైపు కన్నెత్తి చూడలేదు నేను.

కట్టిన తర్వాత కూడా నాకు తిన్నది ఒంటబట్టలేదు. ఊయల పక్కనే కూర్చుని పైకి చూస్తూ ఉండేదాన్ని. అత్తమ్మ రోజూ పొద్దున్నే ఊయల తాళ్ళ మధ్య నుంచి చేతులు చాపి, హంసను కొంచెం పైకెత్తి, నూనెగుడ్డతో తుడిచి దించేది. మామయ్య బతికున్నప్పుడు మొద్దును అట్లాగే తుడిచేదట.

ఒకరోజు నేను పెరట్లో గుడ్డలు పిండుతున్నాను. లోపలి నుంచి అత్తమ్మ పిలిచింది. అరుపు కాదు, చాలా మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. గుడ్డలు అక్కడే పడేసి పరుగెత్తాను.

ముడి ఊడింది. హంస బరువంతా ఆమె చాచిన చేతుల మీద ఉంది. ఊయల తాళ్ళు అడ్డం, వెనక్కి లాక్కోవడానికి లేదు. వదలడానికీ లేదు, కింద నా కూతురు కళ్ళు తెరిచి చూస్తూ పడుకుని ఉంది. అత్తమ్మ మోచేతులు గజగజ వణుకుతున్నాయి.

"మొదలు పిల్లను తీయ్ బిడ్డా. నన్ను చూడకు" అన్నది.

పిల్లను లాక్కున్నాను. నా వీపు తలుపుకు తగిలిందో లేదో, హంస ఊయలలో పడి, గుడ్డను చింపుకుని నేలకు కొట్టుకుంది. మెడ విరిగి దూరంగా దొర్లింది. అత్తమ్మ చేతులు అట్లాగే చాపి నిలబడింది. దించడం ఆమెకు చేతకాలేదు.

నా మొగుడు వచ్చి తాడు కొసలు చూశాడు. తెగలేదు, విడిపోయాయి. మగ్గం మీద పోగును ఎప్పుడూ లాగిపట్టి ఉంచుతాం, అందుకే ఆ ముడి బిగుసుకునే ఉంటుంది. ఇక్కడ వాళ్ళమ్మ రోజూ ఎత్తి దించుతుంటే సడలిందని తనకు తానే చెప్పుకుంటూ నేల మీద కూలబడ్డాడు. ఆయన్ని ఏమంటాం? ముగ్గురం నమ్మిన ముడే అది.

ఆ హంసను మళ్ళీ కట్టలేదు. మెడలేని ఆ మొండాన్ని వెల్లకిలా పెట్టి, తొలిచిన పొట్టలో నూలు కండెలు వేసుకున్నాం. చాలా ఏళ్ళు పనికొచ్చింది.

ఆ సాయంత్రం అత్తమ్మ దువ్వెన తెచ్చి నా ముందు పెట్టింది. చేతులు భుజం దాటి లేవడం లేదన్నది. నేను వెనక కూర్చుని చిక్కు తీస్తుంటే, అటు తిరిగే, గోడతో చెప్తున్నట్టు చెప్పింది.

"నువ్వు తొలిపియ్యకుంటె నేను పట్టుకోలేకపోదును."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ చేతులు మళ్ళీ పైకి లేవలేదు. ఆమె పోయేదాకా ఆమె తల నేనే దువ్వాను.